పక్కన ఎవరున్నారో ఫోన్‌కి తెలియాలంటే ఏ సెన్సర్లు పెట్టాలి?

గర్భిణుల కోసం యాప్ చేస్తున్నా, జీపీఎస్, బ్లూటూత్, మైక్ వాడి పక్కన ఎవరున్నారో కనిపెట్టి యాప్ తనంతట తానే మోడ్ మార్చుకోవాలి, ఏ సెన్సర్లు బాగుంటాయి అని అడిగారు. పాలమూరు వైపు పల్లెల్లో గర్భిణులకి ఫోన్‌లో వాయిస్ మెసేజ్‌లు పంపే ప్రాజెక్టులో కొన్నాళ్లు పనిచేశా, అక్కడ చూసింది చెప్తా. సెన్సర్ల సంగతి తర్వాత, ముందు ఆ ఫోన్ ఎవరిదో కనుక్కోండి.

మేం తిరిగిన చాలా ఇళ్లల్లో ఆమె రాయించిన నంబర్ భర్తది. పొద్దున్నే ఆయన పొలానికో మేస్త్రీ పనికో పోతే ఫోన్ కూడా ఆయన జేబులోనే పోతుంది, సాయంత్రం ఇంటికొచ్చాక పిల్లలు వీడియోలు పెట్టుకుంటారు, ఇక ఆమె చేతికొచ్చేది వంటలూ తిండ్లూ అయ్యాక, అప్పుడు పక్కనే అత్తమ్మ కూర్చుని ఉంటుంది. పొద్దున పదకొండింటికి కాల్ పోతే సిస్టమ్ మాత్రం 'విన్నారు' అని రాసుకుంటుంది, విన్నదెవరో దానికి తెలీదు. కేంద్రం 2016లో మొదలుపెట్టిన కిల్కారీ అనే వాయిస్ మెసేజ్‌ల సర్వీసు తెలుసు కదా, నాలుగో నెల నుంచి బిడ్డకి ఏడాది నిండేదాకా వారానికొకటి, మొత్తం 72 మెసేజ్‌లు, అలాంటి ఏ సర్వీసుకైనా ఈ చిక్కు తప్పదు.

ఇంకోటి, ఏడో నెలో తొమ్మిదో నెలో ఆమె పుట్టింటికి పోతుంది, నంబర్ అత్తారింట్లోనే ఉండిపోతుంది! అన్నిటికన్నా అవసరమైన నెలల్లో మన కాల్స్ ఆమె లేని ఇంటికి పోతాయన్నమాట. జీపీఎస్ ఇది పట్టుకోలేదు, ఎందుకంటే ఫోన్ ఎక్కడికీ కదల్లేదు కదా. నంబర్ మార్చుకోవడం ఒక్క మిస్డ్ కాల్‌తోనో ఆశా అక్క ద్వారానో అయిపోయేలా చేయండి, ఓటీపీ పాత నంబర్‌కి పంపితే మాత్రం పని కాదు.

ఇక సెన్సర్ల సంగతి. కేంబ్రిడ్జ్‌లో ఒలివెట్టి అనే కంపెనీ రీసెర్చ్ ల్యాబ్ వాళ్లు 1992 నాటికే యాక్టివ్ బ్యాడ్జ్ అని చేశారు, మనిషి పెట్టుకున్న బ్యాడ్జ్ 15 సెకన్లకోసారి ఇన్‌ఫ్రారెడ్ సిగ్నల్ ఇస్తే కాల్‌ని ఆ మనిషి ఉన్న గది ఫోన్‌కి మళ్లించొచ్చు. మనిషికో బ్యాడ్జ్ ఉన్న ఆఫీసులో కూడా, బాస్‌తో ఉన్నప్పుడు కాల్ రాకూడదు, ఆ కంట్రోల్ మా చేతిలో ఉండాలి అనే మాటే వచ్చింది. ఎక్కడున్నారో తెలిస్తే సరిపోదు, పక్కనున్న వాళ్లతో సంబంధం ఏంటో తెలియాలి, అది ఏ రేడియో సిగ్నలూ చెప్పలేదు. బ్లూటూత్ అడ్రస్‌లు కూడా ఇప్పుడు ప్రైవసీ కోసం మారిపోతూ ఉంటాయి, పక్కనున్నది అత్తో ఆశా వర్కరో దాంతో తేలదు. ఇక మైక్ అయితే అసలు వద్దు, ఇంట్లో మాటలు వినే యాప్ అని తెలిస్తే తీసి పారేస్తారు, అందులో తప్పేం లేదు.

మెసేజ్‌లనే ముందు వేరు చేయండి. రక్తస్రావం, కాళ్లు వాపు, 108కి ఎప్పుడు చేయాలి, ఇవి భర్తా అత్తా అందరూ వినాలి, వినాలి కూడా గట్టిగానే, ఎందుకంటే బండి మాట్లాడేది వాళ్లే. కుటుంబ నియంత్రణ, ఇదివరకటి అబార్షన్, ఇంట్లో కొట్టడం లాంటివి ఆమె ఒక్కతే వినాలి. ఈ రెండో రకం మీ సిస్టమ్ తనంతట తాను ఎప్పుడూ మొదలుపెట్టకూడదు. మా దగ్గర బాగా పనిచేసింది మిస్డ్ కాల్, ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు ఇస్తుంది, సిస్టమ్ వెంటనే తిరిగి చేస్తుంది, ఆమెకి పైసా ఖర్చు లేదు. ఎవరైనా వస్తే కట్ చేస్తుంది, మళ్లీ ఇచ్చినప్పుడు ఆగిన చోటు నుంచి వినిపిస్తుంది. పక్కన ఎవరున్నారో ఆమెకి తెలుసు, మనం కనిపెట్టాల్సిన పనేలేదు.

స్మార్ట్‌ఫోన్ యాప్ అయితే లాక్ స్క్రీన్ మీద మెసేజ్ కనపడనీయకండి, ఆండ్రాయిడ్ 5 నుంచీ నోటిఫికేషన్‌ని ప్రైవేట్ అని పెట్టే వీలుంది. కానీ భర్త లాక్ తీస్తే అదీ కనపడుతుంది కాబట్టి అసలు టెక్స్ట్‌లోనే విషయం రాయకండి. సెన్సర్ వాడాలనే ఉంటే ప్రాక్సిమిటీ సెన్సర్, అంటే ఫోన్ ముందు ఏదైనా దగ్గరగా ఉంటే పసిగట్టేది, అదొక్కటి వాడండి, ఫోన్ చెవి దగ్గర పెడితేనే ఆడియో రావాలి, తీస్తే ఆగిపోవాలి, స్పీకర్‌లోకి పోకూడదు. లిజనింగ్ హిస్టరీ చెరపడం కూడా ఒక్క నొక్కుతో అవ్వాలి. టెస్టింగ్‌కి ఆమె ఒక్కదాన్నే కూర్చోబెట్టకండి, ఇంట్లో అందరూ ఉండగా సాయంత్రం పూట ఇచ్చి చూడండి, ఆమె ఫోన్‌ని ఎప్పుడు బోర్లా తిప్పిందో రాసుకోండి, మీ డిజైన్‌కి కావాల్సింది అక్కడే దొరుకుతుంది.