లోక్‌సభలో మన జిల్లా మాట: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా ప్రాంతపు రైల్వే పనుల మీద ఒక ఎంపీ అడిగిన ప్రశ్నకు మంత్రి లోక్‌సభలో సమాధానమిచ్చారని పత్రికలో చదివాను. నేను రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కాబట్టి, ఆ రోజు పదకొండు గంటల నుంచి టీవీ ముందే కూర్చున్నాను. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, ఎవరూ జవాబు చెప్పలేదు. పైగా పావుగంటకే సభ వాయిదా పడింది. మరి సమాధానం ఎక్కడ ఇచ్చినట్టు? (ఒక పాఠకుడు, పాకాల)

జవాబు: పత్రిక రాసింది నిజమే, మీరు చూసిందీ నిజమే. ఆ వార్తలో ‘లిఖితపూర్వకంగా’ అన్న మాట ఉండే ఉంటుంది. మన పత్రికలు దాన్ని రాయడం మరచిపోవు గానీ చదివేవారి కన్ను దాన్ని దాటిపోతుంది.

లోక్‌సభలో ఉదయం 11 నుంచి 12 వరకు ప్రశ్నోత్తరాల సమయం. ఒక రోజు జాబితాలో నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నలు 20, గుర్తు లేనివి 230 దాకా ఉంటాయి. గుర్తు ఉన్న వాటికే మంత్రి లేచి నోటితో జవాబు చెబుతారు, అడిగిన సభ్యుడు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు, స్పీకర్ పిలిస్తే ఇతర సభ్యులూ వేయవచ్చు. గుర్తు లేని 230 ప్రశ్నల జవాబులు అచ్చయిన కాగితాలుగా సభా బల్ల మీదికి చేరతాయి. వాటిని ఎవరూ పైకి చదవరు. ఆ ఇరవైలోనూ గంట గడిచేసరికి నోటి జవాబు దక్కేవి కొన్నే, మిగిలినవి కూడా లిఖితపూర్వక జవాబుల్లో కలిసిపోతాయి. సభ గొడవతో వాయిదా పడినా కాగితం ఆగదు. కాబట్టి మీరు టీవీలో చూడని జవాబు ఆ రోజే లోక్‌సభ వెబ్‌సైటులో, సభ్యుడి పేరుతో వెతికితే దొరికేచోట ఉంటుంది.

ఆ ప్రశ్న అక్కడికి చేరడానికి జరిగిన ప్రయాణం కూడా చెప్పాలి. సభ్యుడు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మంత్రిత్వ శాఖలను ఐదు వర్గాలుగా విడదీసి ఒక్కో వర్గానికి వారంలో ఒక రోజు కేటాయిస్తారు కాబట్టి, రైల్వే ప్రశ్న రైల్వేకు కేటాయించిన రోజునే రావాలి. నోటీసులు వందల్లో వస్తాయి, అందువల్ల ఎవరిది ముందో లాటరీ తీసి తేలుస్తారు. ఒక సభ్యుడి పేరిట ఒక రోజు జాబితాలో ఐదు ప్రశ్నలకు మించి ఉండవు, వాటిలో నక్షత్ర గుర్తుది ఒక్కటే. గెలిచిన మొదటి ఏడాదే తమ ఎంపీ నోరు తెరవలేదని నిందించేవారు ఈ లాటరీ సంగతి గమనించాలి. అయితే ఏళ్ల తరబడి ఒక్క నోటీసైనా ఇవ్వని సభ్యుడికి లాటరీని సాకుగా చూపే అవకాశం లేదు.

జవాబు కాగితాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. పైన శాఖ పేరు, ప్రశ్న సంఖ్య, తేదీ, సభ్యుడి పేరు. తర్వాత ‘మంత్రి దయచేసి తెలియజేయగలరా’ అన్న వాక్యం కింద ఎ, బి, సి, డి భాగాలు. తిరుపతి–పాకాల–కాట్పాడి మార్గంలో రెండో లైను పనినే తీసుకుందాం. 104 కిలోమీటర్ల ఆ పనికి 2025 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 1,332 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదం తెలిపింది. దాని మీద ప్రశ్న వేసేవారు సాధారణంగా ఇలా వేస్తారు: ఎ) భూసేకరణ మొదలైందా, బి) మొదలైతే వివరాలేమిటి, సి) కాకపోతే కారణాలేమిటి, డి) ఎప్పటికి పూర్తవుతుంది. ‘ఎ’కు ‘అవును’ అని జవాబు వస్తే ‘సి’ ఎదుట ‘ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు’ అని ఉంటుంది. నాలుగింటినీ కలిపేసి ‘ఎ నుంచి డి వరకు’ అంటూ ఒక పొడుగాటి పేరా రాశారంటే, అడిగిన నాలుగింటిలో ఏదో ఒకదానికి నేరుగా జవాబు చెప్పడం శాఖకు ఇష్టం లేదని నేను అనుమానిస్తాను. తేదీ అడిగిన చోట తేదీ ఉందో లేదో ముందు చూడండి.

ప్రశ్న: తోతాపురికి గిట్టుబాటు ధర లేక కాయలు తోటల్లోనే రాలిపోతున్నాయి. వ్యవసాయం రాష్ట్రం చూసుకోవాల్సిన సంగతి, పార్లమెంటులో అడగడానికి వీల్లేదని ఒకరు చెప్పారు. నిజమేనా? (ఒక మామిడి రైతు, బంగారుపాళ్యం)

జవాబు: సగమే నిజం. భారత ప్రభుత్వానికి ప్రధానంగా సంబంధం లేని విషయం మీద వేసిన ప్రశ్నను స్పీకర్ అనుమతించరు. మార్కెట్ యార్డులో తూకం గురించో, పల్ప్ ఫ్యాక్టరీ ముందు బారులు తీరిన ట్రాక్టర్ల గురించో లోక్‌సభలో అడిగితే అది రాష్ట్ర విషయమని వెనక్కి వస్తుంది. తిరుమల దేవస్థానం పాలన గురించి అడిగినా అంతే, అది రాష్ట్ర దేవాదాయ చట్టం కిందిది. కానీ మామిడి గుజ్జు మీద జీఎస్టీ ఎంత ఉండాలన్నది కేంద్రానికి సంబంధం ఉన్న విషయం. గుజ్జు ఎగుమతి కూడా అంతే. ధర పడిపోయినప్పుడు అమలయ్యే మార్కెట్ జోక్యం పథకంలోనూ కేంద్రానికి వాటా ఉంది. 2025 సీజన్‌లో తోతాపురికి కేంద్రం ఆ పథకాన్ని అనుమతించింది కూడా. కాబట్టి గిట్టుబాటు ధర ఎందుకు రాలేదని కాకుండా, ఆ పథకం కింద కేంద్రం వాటా ఎంత విడుదలైంది, ఎంతమంది రైతుల ఖాతాల్లో పడింది అని అడిగితే ప్రశ్న నిలబడుతుంది. ఎంపీకి వినతిపత్రం ఇచ్చేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకుంటే ఆయన కార్యాలయం పని సగం తగ్గించినవారవుతారు.

కాయ చెట్టు మీద ఉండగా పదిహేను రోజుల నోటీసు కుదరదంటారా, జీరో అవర్ ఉంది. లోక్‌సభలో అది మధ్యాహ్నం 12కు, ప్రశ్నోత్తరాలు ముగిశాక మొదలవుతుంది. ఆ రోజు ఉదయం 10 లోపు నోటీసు ఇచ్చి లాటరీలో పేరు వస్తే సభ్యుడు రెండు మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. నిబంధనల పుస్తకంలో జీరో అవర్ అన్న పేరే లేదు, అలవాటుగా స్థిరపడిందంతే. అందువల్ల మంత్రి అప్పటికప్పుడు జవాబు చెప్పి తీరాలన్న నియమమూ లేదు. టీవీలో బాగా కనిపించేది ఇదే గనుక ఎంపీలకు ఇది ఇష్టం. నన్నడిగితే 377వ నిబంధన కింద ఇచ్చే ప్రస్తావన మేలంటాను. అందులో విషయాన్ని 250 మాటలకు మించకుండా ముందే రాసి ఇవ్వాలి, సంబంధిత శాఖ తర్వాత ఆ సభ్యుడికి ఉత్తరం ద్వారా జవాబు పంపాలి. ఆ ఉత్తరం ప్రతిని రైతులు ఎంపీ దగ్గర అడిగి తీసుకోవచ్చు.

ప్రశ్న: మన ఎంపీలు లోక్‌సభలో తెలుగులో మాట్లాడకూడదా? (ఒక పాఠకురాలు, పుత్తూరు)

జవాబు: నిరభ్యంతరంగా మాట్లాడవచ్చు. రాజ్యాంగం 120వ అధికరణం ప్రకారం సభా వ్యవహారాలు హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ సాగుతాయి. ఆ రెండింటిలో తన భావాన్ని సరిగా చెప్పలేని సభ్యుడికి మాతృభాషలో మాట్లాడేందుకు స్పీకర్ అనుమతి ఇవ్వవచ్చు. తెలుగు ప్రసంగాన్ని అప్పటికప్పుడు అనువదించే దుబాసీలు సభలో ఉన్నారు. తడబడే ఇంగ్లీషు కంటే తడబడని తెలుగు మీద మనవాళ్లు నమ్మకం పెంచుకుంటే బాగుంటుంది.

ప్రశ్న: సభలో పది ఇరవై మంది కూడా లేనప్పుడు బిల్లులు ఆమోదం పొందడం చూస్తుంటాం. ఇది చట్టసమ్మతమేనా? మిగిలినవారంతా ఎక్కడ ఉంటారు? (పోటీ పరీక్షలకు చదువుతున్న ఒక విద్యార్థి, తిరుపతి)

జవాబు: రాజ్యాంగం 100వ అధికరణం ప్రకారం సభ నడవడానికి మొత్తం సభ్యుల్లో పదో వంతు ఉండాలి. అంటే లోక్‌సభలో 55 మంది, రాజ్యసభలో 25 మంది. అంతకంటే తక్కువ ఉన్నారని ఎవరైనా సభ్యుడు లేచి గుర్తుచేస్తే గంట మోగిస్తారు, కారిడార్లలో ఉన్నవారు వచ్చి లెక్క సరిపోయేదాకా పని ఆగుతుంది. ఎవరూ గుర్తుచేయకపోతే సాధారణంగా సాగిపోతుంది. ప్రతిపక్షం కూడా గుర్తుచేయకపోవడం వెనుక, రాత్రి పొద్దుపోయేదాకా తమ సభ్యులు మాట్లాడే అవకాశం పోగొట్టుకోకూడదన్న లెక్క ఉంటుంది.

మూజువాణి ఓటులో అవునన్నవారి గొంతు, కాదన్నవారి గొంతు విని స్పీకర్ ఫలితం ప్రకటిస్తారు. ఎన్ని ఓట్లన్నది ఎక్కడా నమోదు కాదు. ఎవరైనా డివిజన్, అంటే ఓట్ల లెక్కింపు, కోరితే సంగతి మారిపోతుంది. లాబీలు ఖాళీ చేయించి, మూడున్నర నిమిషాలు గంట మోగించి, తలుపులు మూసేస్తారు; సభ్యులు తమ స్థానంలోనే అవునంటే ఆకుపచ్చ, కాదంటే ఎరుపు, తటస్థమైతే పసుపు బొత్తాం నొక్కుతారు. కొత్త భవనంలో సమావేశాలు 2023 సెప్టెంబరు 19న మొదలయ్యాయి. ఆ మర్నాడే మహిళా రిజర్వేషన్ బిల్లు మీద ఓటింగ్ కాగితపు చీటీలతో జరిగి 454కు 2 ఓట్లు వచ్చాయి. 2024 డిసెంబరు 17న జమిలి ఎన్నికల బిల్లు ప్రవేశపెట్టే ఘట్టంలో ఎలక్ట్రానిక్ ఓటింగ్ జరపగా, యంత్రంలో పడని ఓట్లను, దిద్దుకోవాలనుకున్నవారి ఓట్లను చీటీలతో సరిచేశారు. చివరి లెక్క 269కి 198. డివిజన్ జరిగిన చోట మీ ఎంపీ ఎటు ఓటు వేశారో పేరుతో సహా నమోదవుతుంది. మూజువాణిలో ఆ ఆధారం దొరకదు. విప్ జారీ అయితే పార్టీ చెప్పినట్టే ఓటు వేయాలి, ధిక్కరిస్తే పార్టీ ఫిరాయింపులను అడ్డుకునే 1985 నాటి రాజ్యాంగం పదో షెడ్యూలు కింద సభ్యత్వానికే ముప్పు.

ఇక మిగిలినవారు ఎక్కడ ఉంటారంటే, కొందరు నిజంగానే ఢిల్లీలో ఉండరు. ఉన్నవారిలో చాలామంది స్థాయీ సంఘాల పనిలో ఉంటారు. శాఖల వారీ స్థాయీ సంఘాలు 24. ఒక్కోదానిలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది. కెమెరాలు లేని ఆ గదుల్లో కార్యదర్శి స్థాయి అధికారులను కూర్చోబెట్టి పద్దులను, బిల్లులను పరిశీలిస్తారు. అరుపులు అక్కడ తక్కువ, పార్టీ గోడలు కూడా కొంత పలచబడతాయి. పరీక్షకు చదివేవారు సంఘాల పేర్లతో ఆగిపోకుండా వాటి నివేదిక ఒక్కటైనా చదవాలని నా సలహా, ఎందుకంటే ఒక శాఖ డబ్బు ఎక్కడ ఖర్చు కాకుండా మిగిలిపోయిందో ఇంత సూటిగా చెప్పే కాగితాలు అరుదు.

ప్రశ్న: మాది తిరుపతి జిల్లా. కానీ మా ఎంపీ చిత్తూరు ఎంపీ అంటున్నారు. వినతిపత్రం ఎవరికివ్వాలి? (ఒక గృహిణి, తిరుపతి రూరల్)

జవాబు: చిత్తూరు ఎంపీకే. 2022లో జిల్లాలు మారాయి గానీ లోక్‌సభ నియోజకవర్గాల హద్దులు మారలేదు. తిరుపతి రూరల్ మండలం చంద్రగిరి అసెంబ్లీ స్థానంలో, చంద్రగిరి చిత్తూరు లోక్‌సభ స్థానంలో ఉన్నాయి. పాకాలవారికీ ఇదే వర్తిస్తుంది.

ప్రశ్న: తిరుచానూరులో పుట్టిన అనంతశయనం అయ్యంగారు లోక్‌సభ స్పీకర్‌గా పనిచేశారని మా తాతగారు చెప్పేవారు. ఆ రోజుల్లో ప్రశ్నోత్తరాలు ఇప్పటిలాగే ఉండేవా? (ఒక పాఠకుడు, తిరుచానూరు)

జవాబు: మాడభూషి అనంతశయనం అయ్యంగారు 1891లో మీ ఊళ్లో పుట్టి, చిత్తూరులో న్యాయవాద వృత్తి చేసి, 1952లో తిరుపతి నుంచి, 1957లో చిత్తూరు నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. మొదటి లోక్‌సభలో డిప్యూటీ స్పీకర్‌గా ఉన్నారు. అప్పటి స్పీకర్ మావలంకర్ మరణించాక 1956 మార్చిలో స్పీకర్ అయి 1962 వరకు ఆ స్థానంలో కొనసాగారు.

ప్రశ్న అనేది ఎంత దూరం వెళ్లగలదో తెలిపే ఉదంతం ఆయన కాలంలోనే జరిగింది. కొత్తగా ఏర్పడిన జీవిత బీమా సంస్థ, హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లో కోటీ పాతిక లక్షల రూపాయల దాకా పెట్టుబడి పెట్టిందన్న అంశం 1957లో సభలో ప్రశ్నలుగానే మొదలైంది. జవాబులు సభ్యులకు తృప్తినివ్వలేదు. డిసెంబరు 16న ఫిరోజ్ గాంధీ, తాను అధికార పక్ష సభ్యుడై ఉండి కూడా, వివరాలన్నీ పట్టుకుని సొంత ప్రభుత్వాన్ని నిలదీశారు. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి చాగ్లాతో ఏకసభ్య విచారణ సంఘం ఏర్పడింది, బహిరంగ విచారణ జరిగింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. అధికార పక్షంవారు మంత్రిని పొగడడానికే అనుబంధ ప్రశ్న వేసే ఈ రోజుల్లో ఈ సంగతి కొత్త సభ్యులకు ఎవరైనా చెబితే బాగుంటుంది. ప్రశ్నలు వేసేందుకు డబ్బు తీసుకున్నారని తేలి 2005 డిసెంబరులో లోక్‌సభ నుంచి పదిమంది, రాజ్యసభ నుంచి ఒకరు బహిష్కృతులైన సంగతి కూడా చెప్పాలి.

ప్రశ్న: ‘విషయం పరిశీలనలో ఉంది’ అని మంత్రి జవాబిచ్చారు. ఇక ఆ సంగతి అంతేనా? (ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి)

జవాబు: అంతే కాదు. ‘పరిశీలనలో ఉంది’, ‘సమాచారం సేకరిస్తున్నాం’, ‘నేను చూస్తాను’ వంటి మాటలను లోక్‌సభ హామీలుగా లెక్కగడుతుంది. వీటి కోసమే 1953 నుంచి ప్రభుత్వ హామీల సంఘం ఒకటి పనిచేస్తోంది. మంత్రి మాట ఇచ్చిన మూడు నెలల్లో శాఖ దాన్ని నెరవేర్చి, ఏం చేసిందో సభకు కాగితం సమర్పించాలి. కుదరకపోతే గడువు పెంచమని సంఘాన్ని అడగాలి, లేదా ఆ హామీని వదిలేయడానికి కారణాలు చూపి అనుమతి కోరాలి. గడువు పెంచుకుంటూ పోయిన హామీలు ఏళ్ల తరబడి పెండింగులో ఉండడం, సంఘం ఆ శాఖల అధికారులను పిలిపించి అడగడం మామూలే. మీ దగ్గరున్న జవాబులో ప్రశ్న సంఖ్య, తేదీ రాసుకుని, మూడు నెలలు దాటిన తర్వాత అది హామీగా నమోదైందా, అమలు నివేదిక వచ్చిందా అని మీ ఎంపీకి ఒక ఉత్తరం రాయండి. ఆయన అదే విషయం మీద మళ్లీ ప్రశ్న వేస్తే, పాత జవాబు సంఖ్యను అందులో పేర్కొనమని కోరండి.