రైతింటి ఆదాయంలో పంట వంతెంత?

ప్రశ్న: రైతు కుటుంబం సగటు ఆదాయం నెలకు 10,218 రూపాయలని జాతీయ నమూనా సర్వే తేల్చింది కదా. అందులో పంట మీద వచ్చేదెంత? మా ఇంటి లెక్క కూడా అలాగే వేసుకోవచ్చా?

జవాబు: ఆ అంకె 2018-19 వ్యవసాయ సంవత్సరానిది. అందులో కూలి, జీతాలు 4,063. పంట 3,798. పశువులు 1,582, సొంత వ్యాపారం 641, కౌలుకిచ్చిన భూమి మీద 134. పంటకన్నా కూలే పెద్ద పద్దు. 2012-13లో ఇలా లేదు. అప్పటి 6,426లో పంట 3,081, కూలి 2,071. సెంటో రెండు సెంట్లో ఉన్నవాళ్లు కూడా ఏడాదికి 4,000 రూపాయలు దాటి పండిస్తే ఈ లెక్కలోకి వస్తారని గుర్తుంచుకోండి.

అయితే ఇది చేతినుంచి పోయిన ఖర్చు మాత్రమే తీసేసిన లెక్క. ఇంటి విత్తనం, సొంత పశువుల ఎరువు, గట్టున కోసిన గడ్డికీ వెల కడితే మొత్తం 8,337కి దిగుతుంది. పంట 3,058 దగ్గర ఆగుతుంది, పశువుల ఆదాయం ఏకంగా 441కి పడిపోతుంది. పాడిలో పెద్ద ఖర్చు మేతే; కొనలేదు కాబట్టి అది కంటికి ఆనదు. అలాగని గేదెను అమ్ముకోమని కాదు. గడ్డి కొనేవాళ్లు లేని ఊళ్లో దాన్ని డబ్బు చేసేది ఆ గేదే.

మీ ఇంటికైతే ఒక్కో పద్దుకు ఒక్కో పేజీ పెట్టి పన్నెండు నెలలు రాయండి. పట్నం నుంచి పిల్లలు పంపే డబ్బు ఈ ఐదింటిలో లేదు, దానికి ఆరో పేజీ. ఇంట్లో వాడుకున్న ధాన్యం, పాలు చాలామంది వదిలేస్తారు. ఊళ్లో అమ్మే ధర కట్టి కలపాలి. పంట రుణం ఆదాయం కాదు, దాని వడ్డీ మాత్రం ఖర్చు. గేదెను అమ్మితే వచ్చిన సొమ్ము ఆస్తి కరిగి వచ్చింది, ఆ నెల సంపాదన కాదు. ట్రాక్టరు కిరాయికి తిప్పే ఇంట్లో డీజిలంతా పంట ఖాతాలో రాస్తే కిరాయి లాభంగా, సేద్యం నష్టంగా కనబడుతుంది. నడిచిన గంటలను బట్టి విడగొట్టండి. చివర్న ఒక్కో పనిలో మిగిలినదాన్ని ఇంటిల్లిపాది ఆ పనికి పెట్టిన రోజులతో భాగించండి. అది ఊళ్లో రోజుకూలికన్నా తక్కువైతే మీ కష్టానికి కూలి కూడా గిట్టడం లేదన్నమాట.

ప్రశ్న: ఈ నెలసరి సగటు చూసుకుని నెలవారీ కిస్తీకి ఒప్పుకోవచ్చా?

జవాబు: వద్దు. పంట మీద నెలకు 3,798 అంటే ఏడాదికి 45,576. అది కోతలయ్యాక ఒకటి రెండు దఫాలుగా వస్తుంది. కిస్తీ కట్టాల్సింది పాలబిల్లు, కూలి, జీతం నుంచే. పొలం పనులు లేని నెలల్లో కూలి దొరకదు, గేదె వట్టిపోతే పాలబిల్లూ ఉండదు. ఈ మూడూ కలిపి ఏ నెలలో అన్నిటికన్నా తక్కువ వచ్చిందో చూసి, ఇంటి ఖర్చు పోను అందులో మిగిలేదానికి మించకుండా కిస్తీ పెట్టుకోండి. పంట రుణాన్ని మాత్రం కోతల తర్వాతే కట్టేలా గడువు అడగండి.