అత్తమ్మను ఎవరైనా అడిగారా?

"మాది హనుమకొండ. మా ఇంటి పక్కన మా జాగలోనే నాలుగడుగుల సందు ఉంది. పక్కింటివాళ్లు వాళ్ల హద్దు అంచు దాకా గోడ కట్టుకున్నారు. రెండు వానాకాలాల నుంచి ఆ గోడ చెమ్మెక్కి లోపల పెచ్చులు ఊడుతున్నాయట. బయటివైపు ప్లాస్టరింగ్ చేయాలంటే మా సందులో నిలబడాల్సిందే. 'నాలుగు రోజులు పని చేసుకోనియ్యి చెల్లే' అని ఆ అక్క వచ్చి అడిగింది. మూడేళ్ల కింద వాన నీళ్ల పైపు గొడవలో వాళ్లాయన మా మామయ్యను నలుగురిలో అనరాని మాట అన్నాడు. మామయ్య నిరుడు పోయారు. 'ఇయ్యాల గోడ అంటరు, రేపు దారి మాదే అంటరు, కాలు పెట్టనియ్య' అంటున్నాడు మా ఆయన. అత్తమ్మ ఏమీ మాట్లాడదు. నా రెండో కాన్పప్పుడు అర్ధరాత్రి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆ అక్కే. ఏం చేయాలో తోచక టెన్షన్‌గా ఉంది."

అమ్మా, మీ ఆయనను మొండిమనిషి అనుకోకండి. నోటితో దారి గురించి చెబుతున్నాడు కానీ, లోపల ఉన్నది తండ్రి పడ్డ మాట. ఆ బాధ నిజమైనది. కాకపోతే జాగ గురించిన భయాన్ని ఒక కాగితంతో తీర్చుకోవచ్చు, మాట పడ్డ బాధ కాగితంతో తీరదు. అందుకే ఈ రెండింటినీ ఒకే గంపలో వేయొద్దంటున్నాను.

జాగ భయం సంగతి ముందు చూద్దాం. ఒకరి జాగలో నడిచే హక్కు ఊరికే రాదు. ఇరవై ఏళ్లపాటు అడ్డు లేకుండా, ఎవరినీ అడగకుండా, తన హక్కుగా వాడుకుంటూ వచ్చినవాళ్లే అలాంటి వాదన పెట్టగలరు. అడిగి, మీరు సరేనంటే వచ్చినవాళ్లది అనుమతి మాత్రమే, హక్కు కాదు. కాబట్టి వాళ్లు అడగడమే మీకు బలం. అట్లాగే, పక్కిల్లు అయినంత మాత్రాన మీ సందులోకి వచ్చే హక్కు వాళ్లకు లేదు. మీ పాత దస్తావేజులో ఏమైనా రాసి ఉందేమో మాత్రం ఒకసారి చూసుకోండి.

ఒప్పుకుంటే రాసుకునే ఒప్పుకోండి. ఆ అక్క నాలుగు రోజులంటోంది, కానీ ప్లాస్టరింగ్ అయ్యాక కనీసం వారం రోజులు రోజూ నీళ్లు కొట్టాలి. అందుకని పది పన్నెండు రోజులకు తారీఖులు వేయించండి, పని వేళలు రాయించండి. మీ బాత్‌రూం కిటికీ ఆ సందులోకే ఉంటే పొద్దున తొమ్మిదికి ముందు మేస్త్రీలు రావద్దని చెప్పండి, అందులో మొహమాటం ఏమీ వద్దు. పాత ప్లాస్టర్ పూర్తిగా చెక్కి అంతే మందం వేయాలి. పాతదాని మీదే కొత్తది వేస్తే అది మీ జాగలోకి జరిగినట్టే. కొత్త కిటికీ, పైపు, ఏసీ డబ్బా మీ వైపు పెట్టకూడదు. పనివాళ్లకు దెబ్బ తగిలితే, మీ మొక్కలో గచ్చో పాడైతే బాధ్యత పక్కింటివాళ్లదేనని రాయించండి. మొదలయ్యే ముందు సందు ఫొటోలు తీసి పెట్టుకోండి. కాగితం మీద రెండు ఇళ్లవాళ్ల సంతకాలతో పాటు వాడకట్టులో ఇద్దరు పెద్దమనుషుల సాక్షి సంతకాలు చాలు.

ఇంకొకటి నిజాయితీగా చూసుకోండి. చెమ్మ గోడ కింది రెండు మూడడుగుల్లోనే ఉంటే అది నేలలోంచి ఎక్కుతున్నది కావచ్చు. మీ సందులో మొక్కల మట్టి ఆ గోడకు ఆనుకుని ఉందా? మీ నల్లా నీళ్లు అక్కడే నిలుస్తున్నాయా? అదే కారణమైతే ఎంత ప్లాస్టరింగ్ చేసినా మళ్లీ చెమ్మ వస్తుంది, వచ్చే ఏడు మళ్లీ అడుగుతారు. ముందు మేస్త్రీని పిలిచి రెండు ఇళ్లవాళ్లు కలిసి చూడండి.

ఇప్పుడు అసలు విషయం. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలచివేసింది "అత్తమ్మ ఏమీ మాట్లాడదు" అన్న మాట. ఆమెను ఎవరైనా అడిగారా? ఆ రోజు మాట పడ్డది ఆమె భర్త. ఇల్లు మామయ్య పేరు మీద ఉండి, ఆయన వీలునామా రాయకపోతే, అందులో ఇప్పుడు మీ ఆయనతో పాటు అత్తమ్మకూ వాటా ఉంది, ఆడబిడ్డలుంటే వాళ్లకూ ఉంది. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆమె నోట రావాలి. మీ ఆయన లేనప్పుడు ఒక సాయంత్రం ఆమె పక్కన కూర్చోండి. ఆ అక్క చేసిన మేలు గుర్తుచేసి ఒత్తిడి పెట్టకండి. "అత్తమ్మా, నీ మనసులో ఏముంది?" అని అడిగి ఊరుకోండి. ఆమె చెప్పింది మీ ఆయనకు మీరు చెప్పొద్దు, ఆమెనే చెప్పనివ్వండి. కొడుకు భార్య మాట కాదనవచ్చు కానీ, ఈ విషయంలో తల్లి మాట కాదనలేడు.

ఆ అక్కతో కూడా ఒక మాట అనండి: "అన్నను కూడా రమ్మనక్కా, అత్తమ్మను అడగమను." గోడ అతనిది, అవసరం అతనిది, భార్యను పంపి తాను ఇంట్లో కూర్చోవడం బాగుండదు. అతను వచ్చి అత్తమ్మ ఎదుట కూర్చుంటే, మామయ్య ఫొటో ఆ గదిలోనే ఉంటుంది కదా, ఏం మాట్లాడాలో అతనికే తెలుస్తుంది. క్షమాపణ చెబితేనే పని అని బేరం మాత్రం పెట్టకండి, గొంతు మీద కత్తి పెట్టి చెప్పించిన క్షమాపణ మీ ఆయనకూ రుచించదు.

మీ ఆయన ఆఫీసుకు వెళ్లినప్పుడు చాటుగా గేటు తీయడం మాత్రం చేయకండి. అది పక్కింటి గొడవను మీ ఇంట్లోకి తెచ్చుకోవడమే. అందరూ కాదంటే ఆ మాట వెంటనే ఆ అక్కకు మీరే చెప్పండి, మృగశిర కార్తె లోపు ఆమె వేరే దారి చూసుకోవాలి కదా. మాట పెరిగి కోర్టు దాకా వెళ్తామంటే, ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లమనండి. 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ న్యాయ సహాయం ఉచితం.

ఈ వారంలోనే అత్తమ్మతో మాట్లాడండి.