తొమ్మిదో నెల టీకాను అమెరికాలో మళ్లీ వేయాలంటున్నారా?

పాపతో అమెరికా వెళ్లబోతున్నామని, తొమ్మిదో నెలలో వేసిన తట్టు టీకాను అక్కడి క్లినిక్ మళ్లీ వేయాలంటోందని అడిగారు. పాపకు వేసిన టీకాలో లోపం లేదు. తట్టు, రుబెల్లా టీకా మొదటి డోసు మన దగ్గర తొమ్మిదో నెలలో వేస్తారు. అమెరికాలో మొదటి పుట్టినరోజుకు ముందు వేసినది లెక్కలోకి రాదు. మీవారు అడిగిన డల్లాస్ క్లినిక్ మళ్లీ వేయాలన్నది అందుకే. ఏడాది నిండాక అక్కడ ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) వేయించండి. ఇప్పటి డోసు వృథా కాదు, ప్రయాణంలో పాపకు అదే రక్షణ.

పోలియో చుక్కలూ అంతే, 2016 ఏప్రిల్ నుంచి వేసినవి అక్కడ లెక్కపెట్టరు. ఇంజెక్షన్ వేయిస్తారు.

చాలామంది మరిచిపోయేది తేదీల సంగతి. కార్డు మీద 05/06 అని ఉంటే మనకు జూన్ 5, వాళ్లకు మే 6. దాంతో డోసుల మధ్య వ్యవధి తప్పినట్టు కనిపిస్తుంది. మా బాబుకు ఇలాగే ఒక డోసు అనవసరంగా మళ్లీ వేశారు, ఆ ఏడుపు ఇంకా గుర్తుంది. తిరుపతి వదలకముందే ఇవి చేయండి:

1. టీకాలు వేసిన డాక్టరు దగ్గర వివరాలన్నీ ఇంగ్లిషులో టైపు చేయించండి. టీకా పూర్తి పేరు ఉండాలి, నెల అంకెల్లో కాక అక్షరాల్లో ఉండాలి. సంతకం, ముద్ర తప్పనిసరి.
2. కార్డు మీద ‘బేబీ ఆఫ్’ అని మీ పేరే ఉంటే, కొత్త కాగితంలో పాస్‌పోర్టులోని పాప పేరు రాయించండి.
3. బీసీజీ (క్షయ టీకా) తేదీ విడవకండి. దానివల్ల క్షయ చర్మపరీక్ష పాజిటివ్‌గా రావచ్చు.
4. అసలు కార్డు చేతిసంచిలో, ఫొటో ఫోనులో.

చెన్నైలో విమానం ఎక్కాక, పైకి లేచేటప్పుడూ దిగేటప్పుడూ పాలు పట్టండి, చెవినొప్పి తగ్గుతుంది.