మైట్ల మందు ఆపేస్తే వరోవాని తట్టుకునే తేనెటీగలు వచ్చేస్తాయా? నా అనుభవం

వరోవా అంటే తేనెటీగల్నీ వాటి పిల్లల్నీ పట్టి పీడించే సన్నటి పురుగు, మైట్ అన్నా అదే. దానికి మందు వేయడం మానేసి, బతికిన తేనెటీగల పెట్టెల నుంచి కొత్త రాణుల్ని పెంచుకుంటే చాలా, తట్టుకునే ఈగలు వచ్చేస్తాయా అని చాలామంది అడుగుతుంటారు. నేను అచ్చం అదే చేశానండీ, 12 పెట్టెల్లో 9 పోయాయి. చచ్చిపోతున్న పెట్టెల్లో తేనె దోచుకోడానికొచ్చిన ఈగలు మైట్లని కూడా మోసుకెళ్ళాయి, అది ఇప్పటికీ బాధే. పోనీ మిగిలిన 3 గట్టివేమో అనుకుంటే, లెక్కపెట్టి చూశాక 2 పెట్టెల నిండా మైట్లే, ఆ ఏడు గుంపు విడిపోయి కొన్నాళ్ళు పిల్లలు లేక నెట్టుకొచ్చాయంతే.

అందుకని ముందు లెక్కపెట్టడం నేర్చుకోండి. పిల్లలున్న ఫ్రేము (పెట్టెలో పట్టు ఉండే చట్రం) నుంచి అరకప్పు ఈగలు, అంటే దాదాపు 300, రాణి అందులో లేదని రెండుసార్లు చూసుకుని ఆల్కహాల్‌లో వేసి నిమిషం ఊపితే మైట్లు అడుక్కి రాలతాయి, 9 రాలితే 100కి 3 అన్నమాట. నెలనెలా అన్ని పెట్టెలకీ చెయ్యండి. ఎక్కువున్నవాటిని చావనివ్వద్దు, మందు వేసి రాణిని మార్చేయండి.

మిగిలిన ఆ ఒక్క పెట్టెలో ఓరోజు పిల్లల గదుల మూతలకి చిల్లులు కనిపించాయి, లోపల తెల్లటి ప్యూపా, కళ్ళు అప్పుడే ఊదారంగుకి తిరుగుతున్నాయి, కూలీ ఈగలు దాన్ని కొరికి బయటికి లాగేస్తున్నాయి. జబ్బేమో అని భయపడ్డా. తీరా చూస్తే ఆ గదుల్లో మైట్ ఉంది! మూత పడేముందే తల్లి మైట్ లోపలికి దూరి, మూత పడ్డాక సుమారు 3 రోజులకి గుడ్లు మొదలెడుతుంది, ఈగలు మధ్యలో గది తెరిస్తే తల్లి తప్పించుకున్నా దాని పిల్లలు బతకవు. మైట్ ఉన్న గదిని పసిగట్టి శుభ్రం చేసే ఈ గుణాన్నే వీఎస్‌హెచ్ (వరోవా సెన్సిటివ్ హైజీన్) అంటారు, అమెరికాలో జాన్ హార్బో, జెఫ్రీ హారిస్ అనే పరిశోధకులు 1990ల నుంచి దీనికోసమే ఎంపిక చేస్తూ వచ్చారు.

చాలామంది మర్చిపోయేది డ్రోన్ల సంగతి, అంటే మగ ఈగలు. రాణి గాల్లో పదికి పైగా డ్రోన్లతో జతకడుతుంది, కాబట్టి మంచి రాణి కూతుళ్ళని పెంచినా సగం గుణం ఎవరి పెట్టె నుంచి వస్తుందో మన చేతిలో ఉండదు. నేను మంచి పెట్టెల్లో డ్రోన్లు పెరిగే ఫ్రేములు పెట్టి, మిగతావాటిలో మూతపడ్డ డ్రోన్ పిల్లల్ని కోసేస్తా, మైట్లకి ఆ పిల్లలంటేనే ఎక్కువ ఇష్టం కాబట్టి మైట్లూ తగ్గుతాయి.

నాకు తేడా తెలియడానికి 4 ఏళ్ళు పట్టింది, ఇప్పటికీ ఏటా 2, 3 పెట్టెలకి మందు తప్పట్లేదు. మీకు ఐదారు పెట్టెలే ఉంటే మాత్రం ఒక్కరే మొదలెట్టకండి, చుట్టుపక్కల ఈగలు పెంచేవాళ్ళని కలుపుకోండి, మీ రాణులు జతకట్టేది ఎక్కువగా వాళ్ళ డ్రోన్లతోనే.