మూస్, రెయిన్‌డీర్ కొమ్ములు ఏటా రాలిపోతాయా?

అవును, భూగోళపు ఉత్తర ప్రాంతాల అడవుల్లోని మూస్, రెయిన్‌డీర్ లాంటి జింక జాతి జంతువుల కొమ్ములు ఏటా ఊడిపోయి మళ్లీ కొత్తవి మొలుస్తాయి.

ఈ కొమ్ములు అచ్చంగా ఎముకే. పెరిగేటప్పుడు వాటి మీద రక్తనాళాలున్న నూగు చర్మం ఉంటుంది. పెరగడం ఆగాక అది ఎండి పీలికలుగా వేలాడుతుంది, జంతువు చెట్లకు రుద్దుకుని వదిలించుకుంటుంది. జతకట్టే కాలం ముగిశాక మగవాటిలో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ తగ్గిపోతుంది. దాంతో కొమ్ము మొదలు దగ్గర ఎముక కరిగి, పట్టు సడలి ఊడి పడుతుంది.

అలాస్కాలోని మగ మూస్‌నే చూడండి. వసంతంలో మొలిచే కొమ్ములు వేసవి చివరికల్లా ఆ కొస నుంచి ఈ కొసకు 1.8 మీటర్ల దాకా విస్తరిస్తాయి. ఇంత ఎముకను కొన్ని నెలల్లో పెంచి చలికాలంలో పారేయడం దుబారాగానే కనిపిస్తుంది! రెండూ ఒకేసారి పడాలని లేదు, కొంతకాలం ఒంటికొమ్ముతో తిరిగేవీ ఉంటాయి.

కొమ్ము చీలికలు లెక్కపెడితే వయసు తెలుస్తుందని చాలామంది అనుకుంటారు. తెలియదు. తిండి, ఆరోగ్యం, వంశాన్ని బట్టి చీలికలు మారతాయి, ముసలితనంలో తగ్గుతాయి కూడా. కొండగొర్రెల సంగతి వేరు: వాటి కొమ్ములు రాలవు, వాటి మీది వలయాలను బట్టి వయసు చెప్పొచ్చు.