బిల్లింగు ఆగిన సాయంత్రం: మేనకోడలికి ఉత్తరం

అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నిన్ను ఫ్లోర్ ఇన్‌చార్జిని చేశారని విని ఎంత సంతోషించానో, మొదటి వారంలోనే బిల్లింగు కంప్యూటర్లు రెండు గంటలు ఆగిపోయాయని, ఆ రాత్రి అన్నం తినకుండానే పడుకున్నావని అక్క చెప్పినప్పుడు అంత బాధపడ్డాను. ఇంకో పది రోజుల్లో వరలక్ష్మీ వ్రతం. ముందు రోజు గురువారం సాయంత్రం షాపు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. శనగలు, బెల్లం, పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు, రవికె గుడ్డలు అంటూ ఉద్యోగాలు చేసే ఆడవాళ్లంతా ఆఫీసు నుంచి నేరుగా అక్కడికే వస్తారు. హైదరాబాదులో శ్రావణమంటే వానలు కూడా. కరెంటు రెండుసార్లు పోయి వచ్చిందంటే సర్వరు మొరాయిస్తుంది. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

విజయవాడ వన్‌టౌన్‌లో కిరాణా కొట్టులో పొట్లాలు కట్టడంతో మొదలుపెట్టి ముప్పై ఏళ్లకు పైగా కౌంటర్ల మధ్యే గడిపాను. సూపర్‌మార్కెట్టులో మేనేజరునైన మొదటి ఏడాది ఇలాంటి శ్రావణ గురువారమే సర్వరు ఆగింది. నేను వెంటనే సర్వరు గదిలోకి పరుగెత్తి, టెక్నీషియన్ వెనక నిలబడి ఇరవై నిమిషాలు తెర వంక చూస్తూ ఉండిపోయాను. బయట నాలుగు కౌంటర్ల ముందు జనం బుట్టలతో నిలబడ్డారు. ఏం జరిగిందో వాళ్లకు చెప్పేవారే లేరు. ఒకాయన కౌంటరు మీద చరిచి అరిచాడు. మూడో కౌంటరులో కూర్చున్న అమ్మాయికి పంతొమ్మిదేళ్లు. కంగారులో అట్టముక్కల మీద లెక్కలు వేసి డబ్బు తీసుకుంది. రాత్రి ఆమె గల్లా 1,840 రూపాయలు తగ్గింది. యజమాని ఆ మొత్తాన్ని ఆమె జీతంలో కోశాడు. నేను పక్కనే ఉండి నోరు విప్పలేదు. ఇన్నేళ్లయినా ఆ పిల్ల ముఖం నాకు కనిపిస్తూనే ఉంటుంది. కింద రాసినదంతా ఆమెను తలచుకుని రాసిందే. మిషను ఆగిన నష్టం కౌంటరులో కూర్చున్నవాళ్ల నెత్తిన పడకూడదు.

కాబట్టి నీ చోటు కౌంటర్ల ముందే. టెక్నీషియన్‌కు ఫోను చేసే పని ఇంకొకరికి అప్పగించు. నువ్వు అందరికీ కనిపించేలా నిలబడి గట్టిగా చెప్పు: "అమ్మా, కంప్యూటర్లు ఆగాయి. పది నిమిషాల్లో చేత్తో బిల్లులు రాస్తాం. అయిదారు వస్తువులే ఉన్నవాళ్లు ఈ వరుసలోకి రండి." "ఇప్పుడే వచ్చేస్తుంది" అని మాత్రం అనకు. ఎప్పుడు వస్తుందో నీకు తెలియదు. అది రెండోసారి అన్నావంటే ఆ తర్వాత ఏం చెప్పినా నమ్మరు. పెద్దవాళ్లకు, చంటిపిల్లల తల్లులకు కుర్చీలు వేయించు. గుమ్మం దగ్గర ఒకరిని నిలబెట్టి, లోపలికి వచ్చేవాళ్లకు విషయం ముందే చెప్పించు. లోపల జనం ఉండగా షట్టరు సగం దించడం ఎప్పుడూ చేయకు, చీకట్లో అది చూసి జనం హడలిపోతారు.

కరెంటు కూడా పోతే, ఆ వెంటనే చూడాల్సింది ఫ్రీజర్లను. వాటిలో సరుకు మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి. పాలు, పెరుగు, పనీరు అయితే 5 డిగ్రీలు దాటకూడదు. ఇంట్లో నిండుగా ఉన్న ఫ్రీజరు తలుపు తీయకుండా ఉంచితే రెండు రోజుల వరకు ఆగుతుంది. షాపులోని అద్దం మూత ఫ్రీజరుకు అంత ఓపిక లేదు. దాని మీద మందపాటి దుప్పట్లు కప్పించి, "తెరవరాదు" అని కాగితం అంటించు. ముందువైపు తలుపుల్లేని పాల అరల్లో చల్లదనం ఇంకా త్వరగా పోతుంది. అందులోని సరుకును ఐసు వేసిన పెట్టెల్లోకి మార్పించు. ప్రతి పావుగంటకూ థర్మామీటరు చూసి, సమయంతో సహా రాయించు.

రాత్రిపూట ఎవరూ లేనప్పుడు కరెంటు పోయి వచ్చిందేమోనని నీకు అనుమానం వస్తుంది చూడు, దానికి ఒక ఉపాయం ఉంది. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు పోసి గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజరులో ఒక మూల ఉంచు. పొద్దున బిళ్ల పైనే ఉంటే ఫరవాలేదు. అడుగున ఐసులో చిక్కుకుని ఉంటే రాత్రి ఐసు పూర్తిగా కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. కరిగిన ఐస్‌క్రీమును, మాంసాన్ని మళ్లీ గడ్డకట్టించి అమ్మమని ఎవరు చెప్పినా వినకు. అది పిల్లలు తినేది. కరెంటు రాగానే ఫ్రీజర్లన్నీ ఒకేసారి ఆన్ చేయకుండా, మధ్యలో అయిదు నిమిషాలు ఆగుతూ ఒక్కొక్కటే వేయించు. లేకపోతే ఆ బరువుకు మళ్లీ మొత్తం పోతుంది.

ఇక బిల్లులు. అసలు పని ఇక్కడే ఉంది. వరుస నంబర్లు వేసిన కార్బన్ బిల్లు పుస్తకం ప్రతి కౌంటరు సొరుగులోనూ ఒకటి ఉండాలి. దాని మీద షాపు జీఎస్టీ నంబరు, 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు ముందే ముద్ర వేయించి ఉంచు. ప్యాకెట్ మీది ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి కనుక కౌంటరు దగ్గర పన్ను లెక్క అక్కర్లేదు. విడి సరుకులకే చిక్కు. కందిపప్పు, మినపగుళ్లు, బెల్లం ధరలు కంప్యూటరుకే తెలుసు కానీ కౌంటరు పిల్లలకు నోటికి రావు. రోజూ పొద్దున ఎక్కువగా అమ్ముడయ్యే అరవై సరుకుల ధరలు, ఆ రోజు తగ్గింపులతో సహా, ఒక కాగితం మీద అచ్చు తీసి కౌంటరు పక్కన అంటించు. నేను చెప్పే వాటిలో ఒక్కటే పాటించగలనంటే ఇదే పాటించు.

కౌంటరుకు ఇద్దరిని పెట్టు. ఒకరు ధర పైకి చదవాలి, ఒకరు రాయాలి. కూడేటప్పుడు ఒకసారి పైనుంచి కిందికి, ఒకసారి కిందినుంచి పైకి. కిరాణా కొట్టులో మా షావుకారు నేర్పిన పద్ధతి ఇది, క్యాలిక్యులేటరు మీద కూడా అలాగే చేయించు. కంప్యూటరు బాగానే ఉండి స్కానరు ఒక్కటే పోతే ప్యాకెట్ మీది బార్‌కోడ్ గీతల కింద ఉన్న 13 అంకెలు చేత్తో కొట్టవచ్చు. మన దేశపు సరుకు చాలావరకు 890తో మొదలవుతుంది కనుక, పిల్లలు మిగతా పది అంకెల మీద దృష్టి పెడితే చాలు.

కార్డు మిషను ఆగినా అంటించిన క్యూఆర్ కోడు పనిచేస్తుంది. అయితే డబ్బు పడిందని చెప్పే పెట్టె ఆ హడావిడిలో మూగబోతుంది. ఎదుటివాళ్ల ఫోనులో పచ్చ గుర్తు చూసి పంపేయవద్దు, అలాంటి బొమ్మలు చూపించే దొంగ యాప్‌లు ఉన్నాయి. షాపు ఫోనులో జమ చూసి, 12 అంకెల లావాదేవీ నంబరులో చివరి నాలుగంకెలు బిల్లు మీద రాయించు. నిజంగానే డబ్బు కట్ అయి మనకు చేరకపోతే, ఆ మనిషిని దొంగలా చూడకు. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం లావాదేవీ జరిగాక అయిదు రోజుల్లోగా అది వాళ్ల ఖాతాలోకి తిరిగి రావాలి. ఆ మాట నెమ్మదిగా చెప్పు. నెలాఖరులో ఖాతాలో ఉన్నదంతా అదే అయిన మనిషి కూడా నీ ముందు నిలబడి ఉండవచ్చు.

కాటా బ్యాటరీ మీద నడుస్తుంటే తూనికల శాఖ ముద్ర ఉన్న కిలో రాయి ఒకటి పెట్టి మధ్యమధ్యలో సరిచూడు.

రాత్రి లెక్క దగ్గర తొందరపడకు. ఏ కౌంటరు డబ్బు ఆ సంచిలోనే ఉండాలి. ఆ కౌంటరు మనిషి ముందే లెక్కపెట్టి, ఏ నోట్లు ఎన్నో రాసి, ఇద్దరూ సంతకం పెట్టండి. రద్దయిన బిల్లు చించేయకుండా రెండు ప్రతులూ పుస్తకంలోనే ఉంచు. చేతి బిల్లులన్నీ ఆ రాత్రే కంప్యూటరులో ఎక్కించు, లేకపోతే మర్నాడు సరుకు లెక్క తప్పుతుంది, మళ్లీ ఆ పిల్లల మీదికే వస్తుంది.

ఇంత చేసినా తేడా వస్తే, యజమాని అడిగేదాకా ఆగకు. మిషను ఎప్పుడు ఆగింది, ఎప్పుడు వచ్చింది, ఎన్ని చేతి బిల్లులు రాశారు, తేడా ఎంత అన్నది నువ్వే రాసి, నీ సంతకంతో ఇవ్వు. జీతంలో కోస్తామంటే, నిర్లక్ష్యం వల్ల పోయిందని తేలాకే, ఆ కౌంటరు మనిషి సంజాయిషీ విన్నాకే కోయాలని వేతన చట్టం చెబుతోందని గుర్తుచేయి. గొంతు పెంచక్కర్లేదు. కానీ అను. నేను అనలేకపోయిన మాట అది.

ఈ ఉత్తరం అక్క చేతికే ఇస్తున్నాను. దానితో పాటు నాలుగు బిల్లు పుస్తకాలు, డజను కార్బన్ కాగితాలు పంపుతున్నాను. బుధవారం నాడే మీ కౌంటరు పిల్లలను కూర్చోబెట్టి తలా పది బిల్లులు రాయించి చూడు. గురువారం వాళ్లకు ఏడింటికల్లా ఏదైనా తినడానికి తెప్పించు, నువ్వూ తిను. షాపు మూసి, లెక్క తేలాక, ఎంత రాత్రయినా సరే నాకు ఫోను చేయి. మేలుకునే ఉంటాను.

మామయ్య